టమార్ చీజులు

విరిగిన పాలను గుడ్డలో మూటగట్టి రాతి బరువు కింద పెడుతుంటే వచ్చాడు, పాదిరి పంపిన వసూలు మనిషి. నా భర్త గావెన్, కెండల్ ఊరి సంతకు వెళ్ళాడు.

"మీ ఆయన లేడా తల్లీ? మీ పాడిలో పాదిరిగారికి రావలసిన పదో వంతు ఇచ్చేస్తే నా దారిన నేను పోతా."

"అతను మాకు పాదిరి కాడు. ఇవ్వను."

"అతనట! మీ క్వేకర్లకి నోట్లో 'గారు' అన్న మాటే పుట్టదా? మీ ఆయనొచ్చాక అడిగి చెప్పు."

"అడిగేదేం లేదు. చెప్తున్నది నేనే."

జ్ఞానస్నానం చేయించలేదని, చనిపోయిన మా పాపను పూడ్చడానికి మూరెడు నేల ఇవ్వలేదు ఆ పాదిరి. మా ఆవుల పాలలో మాత్రం వాటా కావాలి. వసూలు మనిషి పదో వంతుకు బదులు జప్తని అటక మీది చీజులు పన్నెండూ దించాడు. మేం ఎవరి మీదా చెయ్యెత్తే వాళ్ళం కాదు. తలుపు తీసి పట్టుకున్నాను. "ఇది గడ్డికోతలప్పటిది. ఇది ఎర్రావు ఈనాక చేసింది," అంటూ ఒక్కోదాని పుట్టుక చెప్పాను. అతను తలెత్తకుండా బండెక్కించుకుని పోయాడు.

మా క్వేకర్ల ప్రార్థన సభలో ఒక పుస్తకం ఉంది. విశ్వాసం కోసం జైలుకెళ్ళినవాళ్ళూ, జప్తయిన సామానూ అందులోకి ఎక్కుతాయి. రాజుకు చూపించాలని. ఆదివారం మౌనప్రార్థన ముగిశాక, ఆ పుస్తకం రాసే రోలండ్ కలం ముంచి, రాస్తూ పైకి చదివాడు.

"గావెన్ ఐరీ దగ్గర జప్తు చేసినవి, అతని చీజులు పన్నెండు."

అతని చీజులు. తెల్లారకముందే పాలు పితికిన చేతులు నావి. ఉప్పునీళ్ళకు వేళ్ళు పగిలితే, "నీడన కూర్చుని చేసే పనేగా" అన్నవాడు గావెన్. వేసవంతా వాటిని రోజూ తుడిచి తిరగేశాను, పసిపిల్లల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టినట్టు. వాకిట్లో ఆ మనిషి ముందు నిలబడి ఇవ్వనన్న నోరూ నాదే. అవేవీ ఆ వాక్యంలో లేవు.

గావెన్ నా ముఖం చూసి గొణిగాడు. "ఊరుకో టమార్. ఎవరి పేరైతే ఏం? దేవుడికి తెలుసుగా."

మా సభలో లోపల దేవుడు కదిలించినవాళ్ళు ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, ఆడవాళ్ళయినా సరే. సభలో చేరిన ఈ ఏడేళ్ళలో నేను ఒక్కసారీ లేవలేదు. లేచాను.

"దేవుడికి తెలుసు. రాజుకు తెలియదు. కొట్టేసి మళ్ళీ రాయి రోలండ్. చీజులు చేసింది టమార్ ఐరీ. పదో వంతు ఇవ్వనన్నదీ టమార్ ఐరీ."

రోలండ్ కలం ఆపాడు. "రాస్తే రేపు జైలుకు పిలిచినా ఈ పేరే పిలుస్తారు."

"పిలవనీ. పలుకుతాను."