అరవై రెండో పేరు

మచ్చ బొల్లారం ఝాన్సీ మేడ్చల్‌లో ఒక ఆఫీసులో పాత కాగితాలు చూసి కంప్యూటర్‌లో కొట్టే పని చేస్తుంది. ఈసారి వచ్చినవి అమెరికాలో ఎప్పుడో మూతపడ్డ ఒక మిలిటరీ శిక్షణ క్యాంపువి. పేరు క్యాంప్ హోల్బీ. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1942లో తెరిచారు, యుద్ధం కాగానే మూసేశారు. మధ్యలో నలభై వేల మందికి తుపాకీ పట్టడం నేర్పారు. ఇప్పుడక్కడ మొక్కజొన్న వేస్తున్నారు. ఆ చుట్టుపక్కలవాళ్లు క్యాంపు చరిత్రను పుస్తకంగా వేసుకుంటున్నారు.

ఝాన్సీ రెండు నెలలు మంచాలు, బూట్లు, ఆలుగడ్డ బస్తాల జాబితాలు కొట్టింది. తర్వాత సమాధుల జాబితా వచ్చింది. క్యాంపు కోసం ఒక ఊరిని ఖాళీ చేయించినప్పుడు, చర్చి సమాధుల్ని వేరేచోటికి మార్చారు. మొత్తం అరవై ఒకటి. మరుసటి వారం అదే చర్చి రిజిస్టరు వచ్చింది. అందులో అరవై రెండు పేర్లున్నాయి.

మూడుసార్లు సరిచూసింది. మిగిలిన పేరు ఆడా రస్క్. నాలుగు నెలల పాప. 1931లో పోయింది.

సూపర్‌వైజర్ సుధాకర్‌కు చెప్పింది.

"ఉన్నది ఉన్నట్టు కొట్టు ఝాన్సీ. మనది టైపింగే."

"ఉన్నట్టే కొట్టిన సార్. పాపనే ఆడ ఉండిపోయింది."

సుధాకర్ రెండు జాబితాలూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూశాడు. "రిమార్క్స్‌ల రాయి. గది ఎవ్వరు సదువరు."

రాసింది. ఇంటికొచ్చి అవ్వ ఏసమ్మకు కూడా చెప్పింది. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఏసమ్మ లేచి నిలబడింది.

"ఆడా దొరకాలెనని ప్రార్థన చెయ్యాలె అయ్యగారూ."

"ఎవరమ్మా? ఎప్పుడు తప్పిపోయింది?"

"సచ్చిపోయి తొంభై ఏండ్లు దాటింది. అమెరికాల లెక్క తప్పింది."

పాస్టరుగారు కళ్లు మూసుకుని, మోకాళ్ల నొప్పులవాళ్ల తర్వాత ఆడా పేరు చేర్చారు.

ఆరు వారాలకు అమెరికా నుంచి జవాబొచ్చింది. రిమార్క్స్‌ ఎవరో చదివారు. పాత చర్చి పునాది పక్కన, పొదల్లో చిన్న సమాధి రాయి దొరికిందట. పేరు సగమే మిగిలిందట. ఫొటో పంపారు.

ఏసమ్మ ఝాన్సీ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "మంచిగున్నది. మా పెద్దోనికి రాయి పెట్టలే."

"ఏ పెద్దోడు?" అన్నాడు ఝాన్సీ నాయిన స్టీఫెన్. ఏసమ్మ పెద్దకొడుకు తనేనని యాభై ఏళ్లుగా అతని నమ్మకం.

"నీకంటె ముందటోడు. పన్నెండు దినాలున్నడు. అత్వెల్లి చర్చి ఎనుక పెట్టినం."

"నాకెన్నడు జెప్పలే?"

"నువ్వెన్నడు అడగలే."

శనివారం ముగ్గురూ అత్వెల్లి పోయారు. ఏసమ్మ గోడ వెంట నడిచి, వెనక్కొచ్చి, ఒకచోట చేతికర్ర ఆనించింది. "ఈడనే. కాకపోతే గీ పక్కన."

రాళ్లు చెక్కే ఎంకయ్య, రాయి మీద ఏం పేరు చెక్కాలని అడిగాడు.

"పేరు పెట్టకముందే పోయిండు."

పేరు లేని రాయి తను చెక్కనన్నాడు ఎంకయ్య. స్టీఫెన్ ముందుకొచ్చాడు.

"స్టీఫెన్‌కు అన్న అని రాయి."

"తారీఖు?"

"ఎండకాలం," అంది ఏసమ్మ.

ఎంకయ్య అదీ చెక్కాడు. రాయి పాతాక స్టీఫెన్ చుట్టూ మట్టిని చేతులతో తనే అదిమాడు. ఎవరినీ సాయం రానివ్వలేదు.