నోళ్ల గది

అరుదైన పని చేతిలో ఉన్నవాణ్ని ఎవరూ కదిలించలేరని ఒక నమ్మకం ఉంది. మామూలు కూలీని గేటు బయటికి నెట్టవచ్చు గానీ, పనితనం తెలిసినవాణ్ని నెట్టడం సాధ్యం కాదని దాని అర్థం. ఈ నమ్మకాన్ని యజమానులు ఎన్నడూ ఖండించరు. శ్రామికులు మాత్రం దాన్ని తమ పిల్లలకు నేర్పుతారు. ఎంత పాత నమ్మకమైనా పరీక్షకు నిలవాలి. ఒక బొమ్మల స్టూడియోలో దానికి జరిగిన పరీక్ష ఇది.

ఆ స్టూడియోలో తయారయ్యే ‘మేడమీది కుటుంబం’ టెలివిజన్‌లో వారం వారం వచ్చే నవ్వుల బొమ్మల కథ. చిన్నతనంలో దాన్ని చూసి నవ్వినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూస్తున్నారు. అందులో అందరినీ తిట్టే మేనత్త ఒకతె ఉంది. “నీ తెలివి జాగ్రత్తగా దాచుకో నాయనా, ఉన్నదే చిటికెడు” అని ఆమె అంటే, మర్నాడు ఆఫీసుల్లోనూ బడుల్లోనూ అదే మాట వినిపించేది. మొదటి నుంచీ ఆ మేనత్తకు గొంతు ఇచ్చింది ఒకే మనిషి. స్టూడియో అంతా ఆమెను పెద్దక్క అని పిలిచేది.

ఆ కథను సినిమాగా తీయాలని యజమాని నిర్ణయించాడు. సినిమాలో ఇంటిగలవాడు ఖాళీ చేయమంటే మేనత్త మెట్లకు అడ్డంగా కూర్చుని వీధినంతా పోగుచేస్తుంది. తెర మీద జరిగే తిరుగుబాటుకు యజమాని నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు.

రంగుల గదిలో పనిచేసే కార్మిక సంఘం కార్యదర్శి ఏదో పని మీద రికార్డింగు గదికి వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది. పెద్దక్క మైకు ముందు నిలబడి ఉంది. మెడ చుట్టూ తడిగుడ్డ. ఆమె గొంతులో గడ్డ ఉందనీ, స్వరపేటిక తీసేయక తప్పదనీ డాక్టర్లు అప్పటికే చెప్పారు. త్వరగా తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట పోతుంది.

“ఈ మెట్లు నా మోకాళ్లని అరగదీశాయిరా. ఇంట్లో ఎవరి వాటా ఎంతో మెట్లనడుగు,” అని చెప్పి పెద్దక్క దగ్గింది.

“ఇంకొక్కసారి అక్కా,” అన్నాడు గాజుపలక అవతల నుంచి మేనేజరు. “మెట్లు అన్నచోట జీర వచ్చింది.”

“అది జీర కాదు బాబూ, నేనే.”

ఆమె తువ్వాలుతో నోరు తుడుచుకుని, ఎరుపు లోపలికి పోయేలా మడిచింది. గోడకు ఆనుకుని నిలబడిన కూతురు ముందుకొచ్చింది.

“డాక్టరిచ్చిన తేదీ దాటిపోయింది సార్. ఇంకెన్నాళ్లు?”

“సినిమాకీ ఒక తేదీ ఉంటుందమ్మా. నేనేమన్నా కట్టేశానా? మీ అమ్మనే అడుగు.”

“నువ్వుండవే,” అంది పెద్దక్క కూతురితో. “ఇన్నేళ్లూ ఆ చిన్న డబ్బాలోంచి అరిచాను. ఒక్కసారి పెద్ద తెర మీద అరిచి ఊరుకుంటాను. తర్వాత ఎలాగూ నీదే రాజ్యం. ఎదురు చెబుదామన్నా గొంతుండదుగా.”

మేనేజరు నవ్వాడు. కూతురు నవ్వలేదు. పెద్దక్క మళ్లీ మైకు ముందుకు జరిగింది.

ఆ మధ్యాహ్నమే కార్యదర్శి క్యాంటీనులో అందరినీ సమావేశపరిచింది. సినిమా పని వారం వారం పనికి అదనంగా నెత్తిన పడింది. జీతం మాత్రం కదలలేదు. గీసినవాళ్ల పేర్లు తెర మీద వేస్తారా అంటే, చూద్దాం అన్నారు. వీటన్నిటి మీదా కోపం ఉంది, కానీ ఆ రోజు అందరి నోటా వచ్చింది పెద్దక్క మాటే.

ఇక్కడ పని జరిగే తీరు చెప్పాలి. అక్కడ ముందు గొంతు, తర్వాతే బొమ్మ. మాట రికార్డు అయ్యాక అది నోళ్ల గదికి వెళుతుంది. ఆ గదిలో కూర్చున్నవాళ్లు నోళ్లు తప్ప మరేమీ గీయరు. ప్రతి బల్ల మీదా ఒక చేతి అద్దం ఉంటుంది. చెవిలో మాట వింటూ, అదే మాటను అద్దంలో తామూ పలుకుతూ, పెదవి ఎక్కడ విడిందో చూసి గీస్తారు. ఆ గదిలో పెద్దవాడు అద్దం బాబాయ్. మేనత్త నోరు అతనిది. మరొకరిని ముట్టనివ్వడు.

“రేపే పని ఆపాలి,” అంది కార్యదర్శి. “సగం గీసిన నోళ్లు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి. మొత్తం గీసి ఇచ్చేశాక మన దగ్గర మిగిలేదేంటి? పెన్సిలు పొట్టు.”

“ఆపితే పెద్దక్క గడ్డ కూడా ఆగుతుందా తల్లీ?” అన్నాడు బాబాయ్. “ఆ గొంతు రోజుకింత పోతోంది. మనం గేటు దగ్గర కూర్చునేసరికి అది ఉండదు. ఆమె లేకుండానే సినిమా తీసేస్తారు.”

“ఆమె ఉన్నా, లేకుండానే తీస్తారు. నీకు కొత్తా ఈ యజమాని?”

“తీయలేడు. ఆమె ఊపిరి పీల్చినచోట నేను పెదవి విడదీస్తాను. ఆమె మింగినచోట మూస్తాను. ఆమె కాలికి కొలిచి కుట్టిన చెప్పు ఆ నోరు. ఇంకొకరి కాలు దూరదు.”

“చెప్పుల షాపులో అన్ని కాళ్లూ దూరతాయి బాబాయ్,” అన్నాడు వెనక నుంచి ఇళ్లూ వీధులూ చిత్రించే ఒకాయన. అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు.

“ముందు ఆవిణ్ని ఆస్పత్రికి పంపమందాం,” అంది కార్యదర్శి. “అదే మన మొదటి డిమాండు.”

“ఆవిడకి ఏం కావాలో ఆవిణ్ని అడిగావా? నేనడిగాను. ఈ సినిమా కావాలంది. సంఘం అంటే మనిషికి కావలసింది ఇప్పించడం కాదా?”

కార్యదర్శి చేతులెత్తమన్నప్పుడు ఎక్కువ చేతులు బాబాయ్ వైపే లేచాయి. పెద్దక్క సన్నివేశాలు ముందు పూర్తిచేయాలి, ఆ తర్వాత సమ్మె. “నా మాట ఓడింది. సంఘం మాట నిలుస్తుంది,” అని కార్యదర్శి కూడా వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఆ తర్వాత వాళ్లు ఏ యజమానికీ ఎన్నడూ చేయని విధంగా పనిచేశారు. ఒకరి గీత మరొకరు దిద్దుకున్నారు. మేనత్త నాలుక కొస పంటికి తగిలే క్షణం కూడా వదల్లేదు. తమను తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేకుండానే తొందరపడ్డారు. పెద్దక్క తన చివరి మాట చెప్పి, చెవుల మీది తొడుగు తీసి కూతురి చేతికిచ్చి, “పద, ఇక కోయించు” అంది.

ఆపరేషను జరిగిన వారంలోనే సంఘం సమ్మె నోటీసు ఇచ్చింది. మేనేజరు దాన్ని నిలబడే చదివి, “చేసుకోండి” అన్నాడు. అప్పటికి బయట ప్రహరీ గోడకు నిచ్చెన వేసి పోస్టరు అంటిస్తున్నారు. మేనత్త బొమ్మ. దాని కింద, గొంతు ఇచ్చినవారు అన్నచోట, ఒక పెద్ద సినీతార పేరు.

బాబాయ్ టిఫిను డబ్బాతోనే మేనేజరు గదిలోకి వెళ్లాడు.

“ఆ నోట్లో ఆ తార గొంతు ఎలా పట్టింది?”

“ఎందుకు పట్టదు? పెద్దక్క రికార్డింగు చెవిలో పెట్టుకుని, మీ బొమ్మ చూస్తూ చెప్పేసింది. ఇట్టే అయిపోయింది. ఊపిరి ఎక్కడ తీయాలో కూడా పెదాల మీదే కనిపిస్తోందట. మీ గదికి థాంక్స్ చెప్పమంది.”

“పెద్దక్కకి చెప్పారా?”

“ఆరోగ్యం బాగాలేని మనిషికి ఇవన్నీ ఎందుకు బాబాయ్?”

ఇందులో యజమాని ప్రత్యేకమైన తెలివి చూపినట్టు కనబడదు. పనివాళ్ల పనితనమే అతనికి అవసరమైనదంతా సమకూర్చింది. ఎంత శ్రద్ధగా గీస్తే అంత సులువుగా ఆ గీత వాళ్ల నుంచి విడిపోయింది.

ఆస్పత్రిలో పెద్దక్క మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది. మెడకు కట్టు, దానిలో చిన్న గొట్టం. బాబాయ్‌ని చూడగానే పెదవులు కదిపింది. శబ్దం లేదు. కూతురికీ నర్సుకీ అర్థం కాలేదు. బాబాయ్‌కి అర్థమైంది. ఇందులో మహిమ ఏమీ లేదు. ఒకే నోటిని ఏళ్ల తరబడి గీసిన కన్ను అది.

“ఏమంటోంది?” అంది కూతురు.

“సినిమాలో ఎలా మాట్లాడానూ అంటోంది.” బాబాయ్ పెద్దక్క వైపు తిరిగాడు. “బాగా మాట్లాడావక్కా. చాలా బాగా.”

పెద్దక్క ముఖం విచ్చుకుంది. కూతురు లేచి నిలబడింది.

“నేను ఆ గోడ పక్కనుంచే వచ్చాను బాబాయ్, పోస్టరు చూశాను. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?”

అతను చెప్పాడు. తల వంచుకుని చెప్పాడు కాబట్టి ఆమె పెదవులు ఏమన్నాయో మొదట చూడలేదు. ఆమె అతని గడ్డం పట్టుకుని పైకెత్తి, మళ్లీ పలికింది.

“అయితే నేను ఎక్కడా లేనా,” అని బాబాయ్ పైకి చదివాడు. కూతురు రెండో వైపు తిరిగిపోయింది.

పెద్దక్క ఇంకో మాట పలికింది. దాన్ని బాబాయ్ సమావేశంలో చెప్పాడు.

క్యాంటీనులో ఈసారి నవ్వులు లేవు. టీవీలో వచ్చే కథకు కూడా ఇకమీదట వేరే గొంతు పెడుతున్నారని ఆ ఉదయమే తెలిసింది. పెద్దక్కను అనుకరించే ఒకామెను తెచ్చి, ఈ వారం మాటలు రికార్డు చేసి నోళ్ల గదికి పంపారు.

“గీయొద్దంది,” అన్నాడు బాబాయ్. “అంతే అంది. నన్ను ఎవరూ ఏమీ అనరేంటి? అనండి.”

“అనడానికి తీరిక లేదు,” అంది కార్యదర్శి. “చేయెత్తింది నువ్వొక్కడివే కాదు. సినిమా పోయింది. టీవీ కథ పోలేదు. వారం వారం వాళ్లకి నోళ్లు కావాలి.”

“బయటికి పోదామా?” అని ఒకరు అడిగారు.

“బయటికి పోతే ఇంకొకళ్లని తెచ్చి కూర్చోబెడతారు. నోళ్ల గది బల్లల దగ్గరే కూర్చోవాలి. చేతులు కట్టుకుని. మిగతా గదులం వెనక నిలబడదాం.”

“ఉద్యోగాలు పోతాయే అమ్మా,” అన్నాడు ఇళ్లూ వీధులూ చిత్రించే ఆయన. “నాకు ఇద్దరు పిల్లలు.”

“నాకు ముగ్గురు. వాళ్లకి రేపు ఏ పని నేర్పిస్తావు? మంచి పని నేర్చుకుంటే ఎవడూ ఏం చేయడని చెప్తావా?”

అతను చేయెత్తాడు. తర్వాత లెక్కపెట్టే అవసరం రాలేదు.

నోళ్ల గది చేతులు కట్టుకుని కూర్చుంది. మేనేజరు బెదిరించాడు, బతిమాలాడు, ఒక్కొక్కరినీ విడిగా పిలిచాడు. ఎవరూ విడిగా వెళ్లలేదు. ప్రసార సమయం వచ్చింది. ఆ వారం మేనత్తతో సహా అందరూ మూసిన నోటితోనే మాట్లాడారు. చాలా ఇళ్లలో అదీ ఒక హాస్యమనుకుని నవ్వారు. కొందరు ఫోను చేసి ఎందుకని అడిగారు.

మర్నాడు పోలీసులు నోళ్ల గదిలోని వాళ్లందరినీ తీసుకుపోయారు. బాబాయ్ మొదటి వ్యానులో ఉన్నాడు. వాళ్లు లాకప్‌లో ఉండగానే పెద్దక్క చనిపోయింది. అంత్యక్రియలకు బాబాయ్‌ని పంపమని కూతురు స్టేషనుకు వెళ్లి అడిగింది. పంపలేదు. శ్మశానం నుంచి రంగుల గది, చిత్రాల గది, రికార్డింగు గది నేరుగా స్టూడియో గేటు దగ్గరికి వచ్చాయి. కూతురు కూడా వాళ్లతో వచ్చింది. ఎవరూ లోపలికి వెళ్లలేదు.

తరువాతి వారం కొత్త కథ తయారు కాలేదు. టీవీవాళ్లు పాత కథ ఒకటి మళ్లీ వేశారు. అందులో గొంతు పెద్దక్కది.