మెర్చెట్‌కి ఒక్క కోడిపెట్ట

"ఒక్క కోడిపెట్టేగా, వాడి మొహాన కొట్టెయ్ వదినా" అన్నాడు మా పక్కింటి ఓస్బెర్ట్. ఊరంతా అదే పాట. నాకు ఒళ్లు మండిపోయింది.

కూతురి పెళ్లికి దొరకి ఇచ్చుకునేదాన్ని దివాను ఫుల్కు తన ఫ్రెంచిలో మెర్చెట్ అంటాడు. అది ఇచ్చేవాళ్లని విల్లెన్లంటాడు. అంటే పొలంతో పాటు మనుషులు కూడా దొర సొత్తే. మా ఆయన థర్‌స్టన్ వాళ్ల తాత బయటి నుంచి ఈ ఊరొచ్చిన స్వతంత్రుడు. పొలానికి శిస్తు కట్టాడు గానీ, పిల్లల పెళ్లిళ్లకి ఎవడి అనుమతీ అడగలేదు. మా మామా అడగలేదు. ఇప్పుడు మా సబీనాని నారిచ్ పట్నంలో గుర్రాల జీన్లు కుట్టే హామోకి ఇస్తున్నామని తెలియగానే ఫుల్కు మా గుమ్మంలోకి ఊడిపడ్డాడు. అందరి దగ్గరా దూడనో గొర్రెనో గుంజేవాడు మా దగ్గర మాత్రం ఒక్క పెట్ట చాలన్నాడు. అదీ నవ్వుతూ.

అంత చవకగా ఎందుకు వదిలాడో నాకు తెలీదా? మెర్చెట్ ఒక్కసారి ఇస్తే చాలు, కచేరీలో వేరే సాక్ష్యం అక్కర్లేదు, ఇచ్చినవాడు విల్లెనే. వాడికి కావలసింది కోడి కాదు. విల్లెన్ అన్న మాట తెచ్చి మా మెడకి కట్టాలి, అంతే.

"ఈక కూడా ఇవ్వను, ఏం చేసుకుంటాడో చేసుకోమను" అన్నాను.

"పెళ్లి ముందు గొడవెందుకే" అని గొణిగాడు మా ఆయన.

ఆయన మంచివాడు. ఆ మంచితనం తగలెయ్య! కచేరీ రోజు పొద్దున చూస్తే గూట్లో నల్లపెట్ట లేదు. నక్క ఎత్తుకుపోయిందేమోనని ఆ నక్కని నోరారా తిట్టాను.

వాన పడుతోందని కచేరీ చర్చిలోనే పెట్టారు. పెద్దలంతా బల్లల మీద వరసగా కూర్చున్నారు, వాళ్లలో ఓస్బెర్ట్ కూడా ఉన్నాడు. దివాను మా ఆయన్ని పిలిచి సువార్త మీద చెయ్యి పెట్టించాడు.

"ఏరా థర్‌స్టనూ, నిన్న మా వాకిట్లో నల్లపెట్టని ఇచ్చిపోయావు. దేనికిరా?"

నక్క కాదన్నమాట, మా ఆయనే! "ఊరికే ఇచ్చామని చెప్పవయ్యా! అభిమానంతో ఇచ్చామని చెప్పు!" అని అరిచాను.

"ఆ ఆడదాని నోరు మూయించండి" అన్నాడు దివాను.

ప్రమాణం చేసి అబద్ధం ఆడటం మా ఆయనకి చేతకాదు. "పిల్ల పెళ్లికండి" అన్నాడు నేల చూస్తూ.

"విన్నారా?" అని దివాను పెద్దల్ని అడిగాడు. "విన్నాం" అని అందరికంటే ముందు ఓస్బెర్ట్ అన్నాడు.

"నీ కళ్లు చల్లబడ్డాయా ఓస్బెర్టూ?" అన్నాను.

"మేమంతా ఇచ్చుకున్నవాళ్లమే వదినా. మీరొక్కళ్లే ఆకాశం నుంచి ఊడిపడ్డారా?"

థర్‌స్టన్, అతని సెక్వెలా, రెండూ దొరకి చెందినవేనని గుమాస్తా పైకి చదివాడు. ఆ లాటిన్ మాట మా ఊళ్లో చదువురాని వాళ్లకి కూడా తెలుసు. అది మనుషుల బిడ్డలకి వాడే మాట కాదు. పశువుల ఈతకి, పెట్ట వెనక తిరిగే పిల్లలకి వాడతారు. నేను తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని అలా చదివాడు వెధవ.

అంతటితో అయిందా! "విల్లెన్ సంతు ఈ ఊరు దాటడానికి లేదు. పట్నం సంబంధం రద్దు. ఓస్బెర్ట్ తమ్ముడికి పెళ్లాం పోయిందిగా, వాడికి ఇచ్చెయ్యండి" అన్నాడు దివాను. ఓస్బెర్ట్ నా వైపు చూడలేదు. అప్పుడు అర్థమైంది నాకు, పెట్టని ఇచ్చెయ్యమని వాడెందుకంత తహతహలాడాడో.

బయటికొచ్చాక సబీనా ఏడవలేదు. "నన్నొక్క మాట అడగకూడదా నాన్నా?" అంది.

మర్నాడు నారిచ్‌కి ఉన్ని బండి పోతుంటే మిల్లు వంతెన దగ్గర ఆపి, సబీనాని మూటల మధ్య దాచి కూర్చోబెట్టాను. పట్నం గోడల లోపల ఏడాది మీద ఒక్క రోజు గడిపితే, పట్నం కట్టుబాటు ప్రకారం విల్లెన్ అన్న మాట దాన్ని వదిలిపోతుంది. కానీ మళ్లీ ఈ ఊళ్లో కాలు పెడితే పట్టేసుకుంటారు.

"నేను చచ్చానని కబురొచ్చినా రాకు" అన్నాను.

"అలా అనకమ్మా."

"రానని చెప్పు!"

"రాను" అంది. బండి కదిలింది.

ఇప్పుడు కచేరీ పెట్టినప్పుడల్లా ఫుల్కు మమ్మల్ని నిలబెడతాడు. "థర్‌స్టన్ సంతులో ఒకటి తగ్గింది. ఏమైంది?" అంటాడు. మా ఆయన తల ఎత్తడు. నేనే ముందుకొస్తాను.

"గద్ద తన్నుకుపోయింది దొరా" అంటాను. "కోళ్లన్నాక మామూలేగా."