అక్క వంకర పన్ను

మా బావ కట్టుడు పళ్ళు చేస్తాడు. ఆస్పత్రులవాళ్ళు నోటి అచ్చులు పంపిస్తే, ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని, చిన్న స్పిరిట్ దీపం మీద గులాబీరంగు మైనం కరిగిస్తూ ఒక్కో పన్నూ అందులో వరస పెడతాడు. పై వాటాలో ఉండే నాకు ఆయన చేతిపని మీద గౌరవం ఉంది. నోటి మీద మాత్రం లేదు. వేళాకోళం ఆడకుండా ఒక్క పూట గడవదు ఆ మనిషికి.

అందులో ఎక్కువ వాటా మా అక్క పన్నుదే. పై వరసలో ఒకటి, పక్కదాని మీదికెక్కి తొంగిచూసేది. "మీ అక్క వీధి మలుపులో ఉండగానే పన్ను ఇంటికొచ్చేస్తుంది" అని పెళ్ళయిన కొత్తలోనే నాతో అన్నాడు. అక్క నవ్వేసి ఊరుకునేది. ఒళ్ళు మండేది నాకే.

చిగుళ్ళ జబ్బు చేసి ఈమధ్య అక్క పై పళ్ళన్నీ తీసేశారు. దాంతో ప్రార్థన మందిరానికి వెళ్ళడం మానేసింది. అక్కడ పాట ఎత్తుకునేది ఆవిడే. దేవుడి ఊసే పట్టని బావ కూడా ఆవిణ్ణి దింపే నెపంతో, బయట స్కూటర్ మీద కూర్చుని పాటంతా వినేవాడు.

"ఈ బోసినోటితో దేవుడి ముందు నిలబడలేనే" అంది అక్క. దేవుడికి నీ పళ్ళతో పనేమిటని కసిరాను. వింటేగా. వంటింట్లో కూనిరాగం కూడా లేక ఇల్లు బావురుమంది.

"మీకు దణ్ణం పెడతాను, తిన్నగా ఉండేలా చెయ్యండి. ఆ వంకరది మాత్రం వద్దు" అని బావను అడిగింది. సరేనన్నాడు. ఊరందరి పళ్ళూ చకచకా చేసే మనిషికి ఈ పని ఎంతకీ తెమల్లేదు.

చివరికి, గట్టి సెట్టు పోయకముందే సరిచూసుకోడానికని మైనంలో అమర్చిన పళ్ళు తెచ్చి, తొడిగి చూడమన్నాడు. అక్క తొడుక్కుని మావైపు తిరిగింది. ముత్యాల్లా ఉన్నాయి. నేను ఆ మాటే అన్నాను. బావ నోరు మెదపలేదు. ఏ ఎత్తిపొడుపు విసురుతాడా అని కాచుకుని ఉన్న నాకు భయమేసింది.

"బాగాలేవా?" అంది అక్క.

"బాగున్నాయి. నువ్వే కనబడట్లేదు. ఒక్క పన్ను కాస్త తిప్పనివ్వు. మైనమే కదా, వేడి తగిలితే కదులుతుంది."

"ఎందుకు, మళ్ళీ ఎగతాళి చెయ్యడానికా? ఇన్నేళ్ళూ చేసింది చాల్లేదా?"

నవ్వేసి ఊరుకుందనుకున్నాం గాని, నొచ్చుకుందన్నమాట. నాకే కాదు, బావకీ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"నువ్వెంత మూతి బిగించినా, నవ్వొస్తే ముందు అదే బయటపడేది. దాన్ని చూడాలనే ఏదో ఒకటి కూసేవాణ్ణి. బాగుందని చెప్పడం చేతకాలేదు. తప్పు నాదే" అన్నాడు.

అక్క పళ్ళు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఎలా ఉండేదో అలాగే పెట్టండి. సగం సగం వద్దు."

కొలతకి ఉంటుందని పాత ఫోటోల కోసం నేను పైకి పరిగెత్తాను. పెళ్ళినాటి దగ్గర్నుంచి అన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ అక్క పెదవి విప్పలేదు. ఉత్తచేతులతో దిగివచ్చేసరికి బావ దీపం ఆర్పేస్తున్నాడు. వంకర పన్ను పక్కదాని మీదికెక్కి ఉంది, అచ్చం అలాగే.

"ఫోటో లేకుండా ఎలా పెట్టావు బావా?"

"మీ అక్క కళ్ళు మూసుకుని దేవుణ్ణి చూస్తుంది కదా. ఏ ఫోటో చూసి చూస్తుందో అడుగు."

అక్క తొడుక్కుంది. నాలుకతో తడుముకుంది. ఏడుస్తూనే నవ్వి, గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. నోటి వేడికి మైనం మెత్తబడి పళ్ళు చెదిరిపోతాయని, తొడిగి చూసుకోడానికి ఎంతటివాళ్ళు వచ్చి కూర్చున్నా మాట పూర్తికాకుండానే తీసేయమని గదమాయించే మనిషి బావ. అక్క చరణం మీద చరణం అందుకుంటోంది. ఒక పన్ను జారుతున్నట్టు పని తెలియని నాకే కనిపిస్తోంది. ఆయన భుజం తట్టాను.

"పాడనీ" అన్నాడు. "మళ్ళీ పెడతాను."