మోకాలికి పంపిన బిళ్ల

వానలో తడుస్తూ ఉత్తరాల బస్తాలు దించిన మర్నాడు గూళ్లాయనకు తల, ముక్కు, మోకాళ్లు మూడూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొరాయించాయి. ఉత్తరాలు సార్టింగ్ చేసే ఆఫీసులో గోడంత చెక్క గూళ్ల ముందు నిలబడి, చేతికొచ్చిన కవరును చూసీచూడనట్టు చూసి దాని గూట్లోకి విసరడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్లుగా అదే పని. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. వంటింటి గోడకు నాలుగు గూళ్ల పెట్టె బిగించి, తల, ముక్కు, మోకాలు, నడుము అని రాసి, డాక్టరు చీటీ లేకుండా దొరికే బిళ్లలన్నీ అందులో సర్దిపెట్టాడు. తల బిళ్ల తలకే పోవాలి, మోకాలి బిళ్ల మోకాలికే పోవాలి. దారి తప్పకుండా చూసుకునే పూచీ మింగినవాడిది. అందుకని పొద్దున్న ఆరింటికి తలనొప్పి బిళ్లలు రెండు మింగి, కాళ్లు గోడకు ఆనించి తలకిందులుగా నిలబడ్డాడు. ఎనిమిదింటికి జలుబువి రెండు వేసుకుని, ముక్కు నేలకు ఆనేలా బోర్లా పడుకున్నాడు. పదింటికి మోకాలివి రెండు మింగి హాల్లో గెంతడం మొదలుపెట్టాడు.

"కిందివాళ్లు పైకొచ్చి తిడతారండీ," అంది భార్య.

"గెంతకపోతే బిళ్ల నడుము దగ్గరే చతికిలబడుతుంది. అప్పుడు ఎవరొచ్చి లేపుతారు, నువ్వా?"

పన్నెండింటికి అత్తగారు వేడినీళ్లలో జ్వరం పొడి కలిపి తెచ్చింది. "తాగండి అల్లుడుగారూ, ఇది ఒళ్లంతటికీ పనిచేస్తుంది."

గూళ్లాయనకు ఒళ్లు మండింది. "ఒళ్లంతా అంటే ఏం చిరునామా అండీ? ఊరి పేరు రాసి వీధి వదిలేసినట్టుంది." అయినా పెద్దావిడ మాట కాదనలేక గటగటా తాగేశాడు. ఎటు పంపాలో తెలియక కాసేపు గుండ్రంగా తిరిగాడు.

ఒంటిగంటకు తల మళ్లీ మొదలైంది. ఆయన తల గూట్లో చెయ్యిపెట్టి రెండు బిళ్లలు తీశాడు. చెత్తబుట్టలో ఖాళీ అట్టలు సర్దుతున్న భార్య చటుక్కున లేచి ఆయన మణికట్టు పట్టుకుంది. తలది, జలుబుది, మోకాలిది, పొడి పొట్లం, నాలుగింటి వెనకా ఒకే పొడుగాటి పేరు కనిపించింది ఆవిడకు.

"ముందు మందులషాపుకి పదండి. ఆవిడేమంటుందో విన్నాకే మింగుదురు గాని."

మూలమీది మందులషాపు ఆవిడ అట్టలన్నీ బల్లమీద పరిచి, వేళ్లమీద లెక్కేసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"అన్నయ్యా, ఈ నాలుగూ పారాసెటమాలే. తలవి వెయ్యి మిల్లీగ్రాములు, జలుబువి వెయ్యి, మోకాలివి పదమూడొందలు, పొడి వెయ్యి. పెద్దవాళ్లయినా రోజు మొత్తానికి నాలుగువేలు దాటకూడదు. మీరు మధ్యాహ్నం భోజనానికి ముందే దాటేశారు."

"లోపలేముందో నాకు చెప్పకమ్మా. కవరు లోపలి సంగతి చూడటం మా పనిలో మహాపాపం. పైన మోకాలు అని ఉంది, మోకాలికి పంపాను."

"మోకాలికి ఎక్కడండీ పంపింది!" భార్య గొంతు పెంచింది. "మీ కడుపులోకే పోయింది అంతా!"

మందులషాపు ఆవిడ అట్ట తిరగేసి ఆయన కళ్లద్దాల ముందు పెట్టింది. "ఇది లోపలిది కాదన్నయ్యా, పైనే అచ్చేశారు. పంపినవాడి పేరనుకోండి. అది చదవడం తప్పా?"

గూళ్లాయన ఆలోచించాడు. పంపినవాడి పేరు చదవడం తప్పు కాదు. ఒక్కో అట్టా తీసి, వేలు పెట్టి చదివాడు. నాలుగోది చదివేసరికి ఆయన నోరు తెరుచుకుంది. "ఒకడే నాలుగు వేషాలేసుకుని వచ్చాడా?"

"వచ్చి మీ లివర్ గుమ్మంలో కూర్చున్నాడు. ఇక ఇవాళ ఒక్కటి కూడా వద్దు. నడుముకని నా దగ్గర కొన్నది ఐబుప్రొఫెన్, అది వేరే జాతి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, రక్తం పల్చబరిచే మందులు లేనివాళ్లు దాన్నీ పారాసెటమాల్‌నీ, దేని కొలత అది దాటకుండా వాడుకోవచ్చు. ఆ జాతివే రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు. అదంతా తర్వాత. ఇప్పుడు ఆస్పత్రికి పదండి, రక్తం చూపించాలి."

"నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను!"

"అదే దాని దొంగబుద్ధి. ఎక్కువైన రోజున మనిషి బాగానే ఉంటాడు. కళ్లు పచ్చబడ్డాక తెలిసి ఏం లాభం?"

ఆయన షాపు గుమ్మం పట్టుకుని కదలనన్నాడు. భార్య బతిమాలింది, తిట్టింది, ఏడుపు గొంతుతో మళ్లీ బతిమాలింది. చివరికి బల్లమీది అంటుకాగితం ఒకటి చించి, 'అత్యవసర విభాగం, పెద్దాసుపత్రి' అని రాసి ఆయన చొక్కా జేబుమీద ఫెడీమని అంటించింది.

గూళ్లాయన తల వంచి చదువుకున్నాడు. పట్టిన గుమ్మం వదిలేశాడు.

"అర్జెంటా, మామూలా?"

"అర్జెంటే!" అన్నారు ఆడవాళ్లిద్దరూ ఒక్కసారే.

ఇంకేం, ఆయనే ముందు నడిచాడు. ఆస్పత్రిలో నర్సు ఆ కాగితంమీద ముట్టినట్టు సంతకం పెట్టేదాకా మంచమెక్కలేదు. ఏమేం మింగారు అని డాక్టరు అడిగితే గంటలతో సహా ఒప్పజెప్పాడు. తలకిందులుగా నిలబడిన సంగతి కూడా దాచలేదు. డాక్టరు రాసుకుంటున్న కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

అప్పుడోసారి, కొన్ని గంటలాగి ఇంకోసారి రక్తం తీశారు. ఆ మధ్యలో భార్య బెంచీమీద కూర్చుని, ఆయన కళ్లల్లో పచ్చదనం వెతుకుతూనే ఉంది. రెండో రక్తపరీక్ష రిపోర్టు చదివి డాక్టరు అన్నాడు, "లివర్ బాగానే ఉంది. ఒంటిగంటకు ఆ రెండూ, సాయంత్రం ఇంకో విడతా వేసుంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ని కాదు."

భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. నర్సునడిగి వేడినీళ్ల సంచీ తెచ్చి ఆయన మోకాలిమీద పెట్టింది.

గూళ్లాయన గెంతడానికి లేవబోయాడు.

"పడుకోండి," అంది భార్య, సంచీని రెండు చేతులా అదిమిపట్టి. "ఇదెక్కడికీ పోదు. నేను పట్టుకున్నాగా."