ఒక్కో మెట్టూ

మీట నొక్కాడు. తెర వెలుగు తగ్గింది. పక్క మీట నొక్కాడు. పెరిగింది. బల్ల మీద వరసగా తెరిచి పెట్టిన పాత లాప్‌టాప్‌ల ముందు కుర్చీ జరుపుకుంటూ పొద్దుటినుంచీ ఇదే పని. ఆఫీసులో అందరూ ఆయన్ని మీటల బాబాయ్ అంటారు. కీబోర్డు పైవరసలో వెలుగు తగ్గించేవీ, శబ్దం పెంచేవీ కొన్ని మీటలుంటాయి కదా, అవి నొక్కిన కబురు అందుకుని పని జరిపించే ప్రోగ్రాం ఒకటుంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. బాబాయ్ ఉద్యోగమంతా ఆ ఒక్క డ్రైవర్‌తోనే గడిచిపోయింది. మీట పనిచేస్తే ఆయన్ని తలుచుకునేవాళ్ళు లేరు, పనిచేయకపోతే తిట్టిపోసేవాళ్ళకు లోటు లేదు. పాపం, ఆయనకు అదీ ముచ్చటగానే ఉండేది.

ఈ వారం ఆ డ్రైవర్‌ని శుభ్రం చేస్తున్నాడు. ఏళ్ళ తరబడి ఒక్కో మోడల్ కోసం ఒక్కో అతుకు వేసుకుంటూ పోయారు. అతుకుల మీద అతుకులు! వాటిని విప్పి ఒకే పట్టికగా పేరుస్తూ, మధ్యమధ్యలో ఆగిపోతున్నాడు. ఈ కోడు వరస రాసినప్పుడు బయట ఒకటే వాన. ఆ వరస రాసినప్పుడు భార్య ఇంకా ఉంది, ఫోన్లో “ఇంకా ఎంతసేపండీ” అంటోంది. కిటికీ బ్లైండ్ల సందుల్లోంచి ఎండ బల్ల మీద చారలుగా పడి మెల్లగా జరుగుతోంది. బాబాయ్ కూడా దాంతోపాటే ఎటో జరిగిపోతున్నాడు.

“కలలు కంటున్నారా బాబాయ్?” టీమ్ లీడర్ అమ్మాయి వచ్చి తెర మీద వేలు పెట్టింది. “ఈ మోడల్ వరసలు తీసేయొచ్చుగా? అంత పాతది ఇప్పుడెవరి దగ్గరుంటుంది చెప్పండి!”

“మా బావ దగ్గరుందమ్మా.”

ఆమె నవ్వేసింది. “సరే, ఆయన వాడుతున్నంత కాలం ఉంచుదాం. కానీ కొత్త డ్రైవర్ దాని మీద నడిపి చూడండి. సాయంత్రానికి పంపించేయాలి మరి.”

అక్కడి పద్ధతే అంత. వాడే మనిషి ఒక్కరైనా ఉన్నారని ఎవరో ఒకరు పూచీ పడితేనే పాత మోడల్ నిలుస్తుంది.

బావ అంటే అక్క మొగుడు. నాటకాలకు లైట్లు వేసిన మనిషి. గుండె బాగా అలిసిపోయింది, డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. కర్టెన్లు వేసిన గదిలో, ఒళ్ళో ఆ పాత లాప్‌టాప్ పెట్టుకుని, తాను లైట్లు వేసిన నాటకాల వీడియోలు చూసుకుంటూ ఉంటాడు. నిద్ర వచ్చేటప్పుడు తెర వెలుగును ఒక్కో మెట్టూ దించుకుంటాడు. ఉన్నట్టుండి చీకటైతే గుండె గుభేలుమని ఊపిరి అందదు. మందుబిళ్ళలు చేయలేని పని ఆ మీట చేస్తోందని అక్క అంటుంది. అది కాస్తా పాడైతే ఆయనకు కునుకే ఉండదు.

మధ్యాహ్నం బాబాయ్ వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. “పొద్దుటినుంచీ నిన్నే తలుస్తున్నాడురా,” అంది.

కొత్త డ్రైవర్ ఎక్కించి, “నొక్కండి బావా,” అన్నాడు.

బావ చూడకుండానే వేలితో మీటను వెతికి పట్టుకున్నాడు. తెర దభీమని తగ్గిపోయింది. ఆయన గుండె ఎగిరెగిరి పడింది. ఊపిరి కూడదీసుకుని ఇటు తిరిగాడు.

“ఏం చేశావురా బావమరిదీ? ఒక మెట్టు దిగమంటే రెండు దూకింది. నా దగ్గర లైట్లు వేసుంటే మొదటిరోజే తరిమేసేవాణ్ణి!”

బాబాయ్ నాలిక్కరుచుకున్నాడు. ఆ మోడల్‌లో మీట నొక్కగానే మిషన్ తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. డ్రైవర్ చూస్తూ ఊరుకోవాలి. అన్నీ ఒక తీరుగా పేర్చే ఊపులో దీనికీ పని అప్పగించేశాడు. మిషనూ దించింది, డ్రైవరూ దించింది. మంచం చివర కూర్చుని, తన లాప్‌టాప్‌లో దిద్దడం మొదలుపెట్టాడు.

“నిదానంగా కానీరా. నేనెక్కడికీ పోవట్లేదుగా,” అన్నాడు బావ.

దిద్దిన డ్రైవర్ ఎక్కించాక బావ మళ్ళీ నొక్కాడు. ఒక్క మెట్టే.

“అదీ!” అన్నాడు, మొహం విప్పారింది.

కాసేపాగి ఇంకో మెట్టు. గోడల మీద నీడలు మెత్తబడ్డాయి. బాబాయ్‌కి కళ్ళు బరువెక్కాయి. అక్క పెళ్ళయిన కొత్తలో బావ తనను నాటకం తెర వెనక్కి తీసుకెళ్ళాడు. వెలుగు తగ్గించే పిడి మీద తన చిన్న చెయ్యి పెట్టించి, దాని మీద బావ తన చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి దించారు. స్టేజి మీద రాజుగారు మెల్లగా మసకబారిపోయాడు. ఆ రోజునుంచీ నాన్నకన్నా బావంటేనే ప్రాణం. ఇంకో మెట్టు. ఇంకోటి.

అక్క మంచినీళ్ళు తెచ్చి, “ఏమండీ,” అంది. మళ్ళీ పిలిచింది. బావ వేలు మీట మీదే ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఆమె అలాగే మంచం పక్కన కూలబడింది.

బాబాయ్ ఫోన్ మోగింది. ఎందుకు ఎత్తాడో ఆయనకే తెలియదు.

“చూశారా బాబాయ్? ఆ మోడల్ ఉంచాలా, తీసేయాలా? వాడేవాళ్ళున్నట్టేనా?”

బాబాయ్ అక్క వైపు చూశాడు.

“ఏమిటంటా?” అంది అక్క.

“ఈ లాప్‌టాప్... వాడేవాళ్ళున్నారా అని.”

అక్క బావ వేలిని మీట మీదనుంచి నెమ్మదిగా తీసి తన గుప్పిట్లో పెట్టుకుంది. “నేనున్నానని చెప్పరా.”

“ఉన్నారమ్మా, ఉంచేయండి,” అన్నాడు బాబాయ్. ఫోన్ పెట్టేసి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

దుప్పటి మీద లాప్‌టాప్ ఇంకా ఆరలేదు. అట్టడుగు మెట్టు మీద నిలిచిన ఆ కాస్త వెలుగులో, చప్పుడు లేకుండా, ఏదో నాటకం నడుస్తూనే ఉంది.