పేరు పెట్టి పిలిచాను

మా ఆయన వేరే ఆడదాని మోజులో పడ్డాడని నాకు గట్టి అనుమానం. ఊరికే అనడం లేదు. మగ్గాల పనికి వలస వచ్చి ఉధ్నాలో మేముండే గల్లీలో ఎవరి మొగుడు ఎటు చూస్తాడో చెప్పగలను, నా మొగుడి చూపు నాకు తెలియదా?

ముందు ఫోన్‌తో మొదలైంది. చేస్తే ఎత్తడు. "మెసేజ్ పెట్టు" అని రాసి పంపుతాడు. పెడితే నవ్వే బొమ్మలు పంపుతాడు, ఎదురుగా ఏనాడూ అన్ని నవ్వులు నవ్విన మనిషి కాదు. తర్వాత, పొయ్యి దగ్గర నిలబడి ఏదైనా అడిగితే జవాబే ఉండదు. ఇటు తిరిగి కళ్లెర్రజేస్తే మాత్రం "ఆఁ, చెప్పు" అంటాడు, ఎంత మంచివాడో! ఇక కూరల బండి జమున సంగతి. ఆమె మాట్లాడుతుంటే కన్నార్పకుండా మూతి వంకే చూస్తాడు. బెండకాయలు కొనడానికి అంత చూడాలా? నాకు ఒళ్లు మండిపోయేది.

ఆదివారం మా కూతురు సింధూజ ఫోన్‌లో పెంగ్విన్ల వీడియో పెట్టింది. మంచు మీద వేలకు వేల పక్షులు, ఒకటే గోల, ఆయన పనిచేసే మరమగ్గాల షెడ్డు లాగే.

"మమ్మీ, సముద్రంలకెల్లి తిరిగొచ్చినంక గింత మందిల జోడీని ఎట్ల పట్టుకుంటదో తెల్సా? గొంతుతోని. ఒకటి పిలుస్తది, దాని జోడీ పలుకుతది."

"మిగిలినయి?"

"అవి పట్టించుకోవు. వాటికి తెల్సిన ఆవాజ్ కాదు గద."

"చుట్టుపక్కల ఏమైతున్నదో పక్షికి గూడ సోయి ఉన్నదన్నట్టు," అన్నాను, పక్కన కూర్చున్న ఆయనకు తగిలేటట్టు. "కొందరు మనుషులకే లేదు."

సింధూజ నవ్వింది. అది చూసి ఆయనా నవ్వాడు. సిగ్గు లేని మనిషి అనుకున్నాను.

మర్నాడు ఆయన డ్యూటీ దిగే వేళకు, కళ్లారా పట్టుకుందామని బజారుకు వెళ్లాను. అనుకున్నట్టే జమున బండి దగ్గర ఉన్నాడు, వంగి టమాటాలు ఏరుతున్నాడు. "ఏమయ్యో" అన్నాను వెనక నుంచి. మా తెలంగాణ మగవాళ్లు ఇద్దరు తిరిగి చూశారు, ఆయన తిరగలేదు. "ఓ సింధూజ నాయనా!" అన్నాను. ఊహూఁ. కోపం నెత్తికెక్కింది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. మా అత్త బాలవ్వ ఆసుపత్రిలో మామ పేరు అడిగినా పక్కవాళ్లతోనే చెప్పించింది. అయినా గొంతు చించుకుని అరిచాను.

"సోమలింగం!"

గల్లీ మొత్తం ఇటు తిరిగింది. ఛాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని ఆగిపోయారు. బండి కింద పడుకున్న కుక్క తలెత్తి చెవులు రిక్కించింది. ఆయన ఇంకో టమాటా ఏరాడు.

కోపమున్న మనిషైతే గిర్రున తిరగాలి. తప్పు చేసినవాడైతే అదిరిపడాలి. ఆయన వీపు కూడా కదల్లేదు. నాకు అప్పుడు భయమేసింది.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. జమున మూతి వంక చూసినట్టే నా మూతి వంకా చూశాడు. గొంతు లేకుండా పెదాలు మాత్రం కదిపాను, "సోమలింగం" అని.

ఉలిక్కిపడ్డాడు. "ఏందే, బజార్ల పేరు వెట్టి పిలుస్తున్నవ్! ఎవరన్న ఇంటే?"

"అందరు ఇన్నరు," అన్నాను. "నువ్వే ఇన్లే."

ఆయన ముఖం పాలిపోయింది. నా దగ్గరికి వంగి, రహస్యం చెబుతున్నాననుకుని, బజారంతా వినబడేలా అన్నాడు.

"షేఠ్‌కు తెల్వనియ్యకే. చెవులు పోయినయంటే మగ్గం మీద నిలవడనియ్యడు."

గబుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఛాయ్ దుకాణం ముందు ఆయన షెడ్డు మాస్టర్, షేఠ్ మనిషి, నా కేకకు ఇటు తిరిగినవాడు తిరిగినట్టే ఇంకా మమ్మల్నే చూస్తున్నాడు.